సొంతింట్లో 30 ఏళ్లుగా ఉన్నా ఇంటి పన్ను ఎందుకు పెరుగుతోంది? పాత ఓనర్లకు ఊరట ఎక్కడ ఉంది, ఎంత ఉంది?

ఇల్లు అదే. గోడలు అవే. ఉంటున్నవాళ్లు కూడా వాళ్లే. కానీ మున్సిపాలిటీ నుంచి వచ్చే డిమాండ్ నోటీసులో అంకె మాత్రం ఏటా మారిపోతోంది. ఇల్లు అమ్మలేదు, పైన ఇంకో ఫ్లోర్ వేయలేదు, అద్దెకు కూడా ఇవ్వలేదు. మరి పన్ను ఎందుకు పెరుగుతోంది? రిటైరై పెన్షన్ మీద బతుకుతున్న చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఎప్పటి నుంచో ఒకే ఇంట్లో ఉంటున్న ఓనర్లకు ఏపీ, తెలంగాణల్లో ఎలాంటి ఊరట ఉంది, ఢిల్లీ, ముంబై ఏం చేస్తున్నాయి, అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో రూల్ ఏంటి అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు సమస్య ఎక్కడుంది?

ఆదాయపు పన్ను అంటే మన చేతికి వచ్చే డబ్బు మీద పడేది. ఆదాయం తగ్గితే పన్ను తగ్గుతుంది. ఆస్తి పన్ను అలా కాదు. అది ఇంటి విలువ మీద గానీ, ఆ ఇంటికి రాగల అద్దె మీద గానీ పడుతుంది. ఓనర్ జేబులో ఎంత ఉందో దానికి సంబంధం లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1990ల్లో ఊరి చివర చవకగా స్థలం కొని ఇల్లు కట్టుకున్న కుటుంబం ఉందనుకోండి. ఇప్పుడు అక్కడికి వంద అడుగుల రోడ్డు వచ్చింది, పక్కన షాపింగ్ మాల్ వచ్చింది. కాగితం మీద ఆ ఇంటి విలువ కోటి దాటింది. ఇంటాయన మాత్రం రిటైర్ అయిపోయారు. ఈపీఎఫ్ పెన్షన్ స్కీమ్‌లో కనీస పెన్షన్ 2014 నుంచి నెలకు రూ.1,000 మాత్రమే. ఇంటి విలువ పెరిగిందని సంతోషపడాలంటే ఇల్లు అమ్మాలి. ఉండటానికి ఉన్నది ఆ ఒక్క ఇల్లే అయితే, పెరిగిన విలువ వల్ల చేతికి పైసా రాదు. పన్ను మాత్రం కట్టాల్సిందే.

ఏపీలో లెక్క ఎలా మారింది?

ఉమ్మడి రాష్ట్రంలో మున్సిపాలిటీలు అద్దె విలువను బట్టి ఇంటి పన్ను వేసేవి. ఏరియాను, కట్టడం రకాన్ని బట్టి ఇంటికి ఎంత అద్దె రావచ్చో ఒక లెక్క కట్టి, అందులో కొంత శాతం పన్నుగా తీసుకునేవి. నివాస ఇళ్లకు జనరల్ రివిజన్ 2002లో జరిగింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ విలువల్ని కదపలేదు.

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం మార్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది. అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ ఏరియాకు ఉన్న స్థలం విలువ, దానికి కట్టడం విలువ కలిపి లెక్క కడతారు. దాని మీద నివాస ఇళ్లకైతే 0.10 శాతం నుంచి 0.50 శాతం మధ్య, కమర్షియల్ అయితే 0.20 శాతం నుంచి 2 శాతం మధ్య పన్ను వేసే వీలు కల్పించారు.

అప్పుడే ఎందుకు మార్చారు అంటే, అది కరోనా టైమ్. రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కొన్ని సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టడం వాటిలో ఒకటి. ఈ సంస్కరణ పూర్తి చేసిన మొదటి రాష్ట్రాల్లో ఏపీ ఉంది. విశాఖ, విజయవాడ లాంటి నగరాల్లో పన్ను చెల్లింపుదారుల సంఘాలు, లెఫ్ట్ పార్టీలు అప్పట్లో గట్టిగా ఆందోళన చేశాయి.

పాత ఓనర్‌కు ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది. గోడలు పాతబడితే కట్టడం విలువ తగ్గుతుంది. స్థలం విలువ అలా తగ్గదు, పెరుగుతూనే ఉంటుంది. 2025 ఫిబ్రవరి 1 నుంచి ఏపీలో చాలా ప్రాంతాల్లో రిజిస్ట్రేషన్ విలువలను సవరించారు కూడా. ఇల్లు కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు అది ఒక్కసారి తగిలే ఖర్చు. అదే ఇంట్లో ఉంటున్నవాళ్లకు మాత్రం పన్ను లెక్కకు పునాదే ఆ విలువ.

15 శాతం సీలింగ్: చిన్నగా కనిపించే పెద్ద నంబర్

కొత్త విధానంతో పన్ను ఒక్కసారిగా రెండింతలు, మూడింతలు కాకుండా అప్పట్లో ప్రభుత్వం ఒక సీలింగ్ పెట్టింది. అంతకు ముందు ఏడాది కట్టిన దాని మీద 15 శాతం మించి పెరగకూడదు అన్నది రూల్. వినడానికి ఇది ఊరటలాగే ఉంది. కానీ లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది.

2020-21లో ఏడాదికి రూ.1,000 పన్ను కట్టిన ఇల్లు ఉందనుకోండి. ఏటా 15 శాతం చొప్పున పెరిగితే ఇలా ఉంటుంది:

మొదటి ఏడాది: రూ.1,150
రెండో ఏడాది: రూ.1,322
మూడో ఏడాది: రూ.1,521
నాలుగో ఏడాది: రూ.1,749
ఐదో ఏడాది: రూ.2,011

అంటే ఐదేళ్లలో డబుల్. ఎందుకంటే 15 శాతం పెరిగేది మొదటి రూ.1,000 మీద కాదు, పెరిగిన మొత్తం మీద. చక్రవడ్డీ లెక్క అన్నమాట.

ఇది ఎక్కడ ఆగుతుంది? కొత్త విధానం ప్రకారం రావాల్సిన అసలు పన్నును అందుకున్న చోట ఆగుతుంది. ఉదాహరణకు ఒక ఇంటి మూలధన విలువ రూ.40 లక్షలు, రేటు 0.15 శాతం అనుకుందాం. పన్ను రూ.6,000 అవుతుంది. ఆ ఇంటికి పాత పన్ను రూ.2,000 అయితే ఏటా 15 శాతం పెరుగుతూ ఏడో ఏడాదికి రూ.5,320 అవుతుంది. ఎనిమిదో ఏడాదికి రూ.6,000కు చేరుతుంది. ఈలోపు రిజిస్ట్రేషన్ విలువ మళ్లీ పెరిగితే ఆ గీత కూడా ఇంకాస్త పైకి జరుగుతుంది. కాబట్టి సీలింగ్ వల్ల పన్ను తగ్గదు, పెరుగుదల కొన్నేళ్ల మీద పంచబడుతుంది, అంతే.

అయితే చిన్న ఇళ్లకు ఒక మంచి వెసులుబాటు ఇచ్చారు. ఓనరే ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి రూ.50 పన్నుగా నిర్ణయించారు.

హైదరాబాద్‌లో సీన్ వేరే

జీహెచ్‌ఎంసీలో ఇప్పటికీ అద్దె విలువ పద్ధతే నడుస్తోంది. ఇంటి ప్లింత్ ఏరియాను, ఆ ఏరియాకు నిర్ణయించిన నెల అద్దె విలువతో, 12 నెలలతో గుణిస్తారు. అందులో తరుగు కింద 10 శాతం తీసేస్తారు. మిగిలిన దాని మీద స్లాబ్ ప్రకారం 17 నుంచి 30 శాతం పన్ను. దానిపై 8 శాతం లైబ్రరీ సెస్.

ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు నెల అద్దె విలువ ఒక్క రూపాయి అని పెట్టారనుకోండి. ఏడాది అద్దె విలువ రూ.12,000. తరుగు పోతే రూ.10,800. అందులో 30 శాతం అంటే రూ.3,240. సెస్ కలిపితే దాదాపు రూ.3,499.

ఇందులో ఒక తమాషా ఉంది. చట్టం ప్రకారం నెల అద్దె విలువ రూ.50 లోపు ఉంటే ఇంటికి పన్నే లేదు. రూ.300 దాటితే టాప్ స్లాబ్ అయిన 30 శాతం. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో రూ.50 అద్దె ఎక్కడుంది? ఎప్పుడో పెట్టిన స్లాబులు అలాగే ఉండిపోవడంతో పేదల కోసం పెట్టిన మినహాయింపు కాగితానికే పరిమితమైంది.

మరోవైపు అదే నిర్లక్ష్యం పాత ఓనర్లకు తెలియకుండానే మేలు చేసింది. నివాస ఇళ్లకు జనరల్ రివిజన్ జరిగి రెండు దశాబ్దాలు దాటింది. దాంతో ఎప్పుడో అసెస్‌మెంట్ జరిగిన ఇంటి పన్ను దాదాపు అక్కడే ఆగిపోయింది. నిజంగా వస్తున్న అద్దెలతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కానీ ఇది ఎవరూ హామీ ఇచ్చిన ఊరట కాదు. రేపు రివిజన్ మొదలుపెడితే ఇన్నేళ్ల తేడా ఒకేసారి మీద పడొచ్చు. అప్పుడు ఏపీలాగే హైదరాబాద్‌లోనూ సీలింగ్ ఎంత అన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో ఉన్న ఊరటలు

చిన్న పన్ను ఇళ్లు: 2016 గ్రేటర్ ఎన్నికలకు ముందు జీహెచ్‌ఎంసీ పరిధిలో ఏడాదికి రూ.1,200 లోపు పన్ను ఉన్న ఇళ్లకు మాఫీ ప్రకటించారు. నామమాత్రంగా రూ.101 కడితే చాలన్నారు.

75 గజాల లోపు ఇళ్లు: తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ప్లస్ వన్ వరకు కట్టుకున్న ఇంటికి ఏడాదికి రూ.100 పన్ను.

ఒక్క ఏడాది రాయితీ: 2020 గ్రేటర్ ఎన్నికల ముందు దీపావళి కానుకగా రూ.15,000 లోపు పన్ను కట్టే ఇళ్లకు జీహెచ్‌ఎంసీలో, రూ.10,000 లోపు ఇళ్లకు మిగతా మున్సిపాలిటీల్లో 50 శాతం రాయితీ ఇచ్చారు. అది 2020-21కి మాత్రమే.

ఇంటి వయసు, సొంత నివాసం: మున్సిపాలిటీల అద్దె విలువ విధానంలో 25 ఏళ్ల లోపు కట్టడానికి 10 శాతం, 25 నుంచి 40 ఏళ్ల వాటికి 20 శాతం, 40 దాటితే 30 శాతం తగ్గింపు ఉండేది. ఓనరే ఉంటే వయసు తగ్గింపుతో కలిపి 40 శాతం వరకు రిబేటు ఉండేది.

ఎర్లీ బర్డ్: ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు. ఇది ఆ ఏడాది పన్నుకే, పాత బకాయిలకు వర్తించదు.

ఖాళీ ఇల్లు: ఇల్లు నిజంగా ఖాళీగా ఉంటే వేకెన్సీ రెమిషన్ అడగొచ్చు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి నెలల తరబడి ఇంటికి తాళం వేసే పెద్దవాళ్లకు ఇది పనికొస్తుంది. కానీ అడగకపోతే ఎవరూ ఇవ్వరు. ముందే దరఖాస్తు చేయాలి, సిబ్బంది వచ్చి చూసి ధ్రువీకరించాలి.

ఈ లిస్టు మొత్తం ఒకసారి మళ్లీ చూడండి. ఊరట ఇంటి సైజును బట్టి ఉంది, కట్టడం వయసును బట్టి ఉంది, ఎప్పుడు కట్టారన్నదాన్ని బట్టి ఉంది, ఎన్నికలను బట్టి కూడా ఉంది. ఓనర్ ఎన్నేళ్లుగా అక్కడే ఉంటున్నారు, వాళ్ల ఆదాయం ఎంత అన్నదాన్ని బట్టి మాత్రం లేదు.

ఇంకో విషయం. పన్ను లేటైతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24 శాతం. బకాయిలు పేరుకుపోయాక వన్ టైమ్ సెటిల్‌మెంట్ పేరుతో వడ్డీలో 90 శాతం మాఫీ చేసిన సందర్భాలు తెలంగాణలో గత కొన్నేళ్లలో పలుమార్లు వచ్చాయి. ఏళ్ల తరబడి కట్టని వాళ్లకు అంత రాయితీ దొరుకుతుంటే, ఏప్రిల్‌లోనే క్యూలో నిలబడి కట్టే పెద్దాయనకు దక్కేది 5 శాతం.

ఢిల్లీ, ముంబై, బెంగళూరు ఏం చేస్తున్నాయి?

మన దేశంలో సీనియర్ సిటిజన్లను ప్రత్యేకంగా చూసే నగరం ఢిల్లీ. అక్కడ సీనియర్ సిటిజన్లు, మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికులకు సొంతంగా ఉంటున్న ఒక ఇంటిపై, 200 చదరపు మీటర్ల విస్తీర్ణం వరకు 30 శాతం రిబేటు ఉంది. ఎన్ని ఇళ్లున్నా ఒక్కదానికే వర్తిస్తుంది.

ముంబైలో 500 చదరపు అడుగుల లోపు ఫ్లాట్లకు ఆస్తి పన్ను మాఫీ చేస్తూ 2022 జనవరిలో మహారాష్ట్ర కేబినెట్ నిర్ణయం తీసుకుంది. బెంగళూరులో 2008లో తెచ్చిన సెల్ఫ్ అసెస్‌మెంట్ విధానంలో ఓనరే ఉంటున్న ఇంటికి అడుగు రేటు అద్దెకు ఇచ్చిన ఇంటి రేటులో సగం పెట్టారు.

అమెరికాలో ఏళ్లను లెక్కపెట్టే ఊరట

ఎక్కువ కాలం ఒకే ఇంట్లో ఉన్న ఓనర్‌కు రక్షణ అనగానే ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ కాలిఫోర్నియా. 1978 జూన్ 6న అక్కడి ఓటర్లు ప్రపొజిషన్ 13ను భారీ మెజారిటీతో గెలిపించారు. పన్ను విలువలో 1 శాతానికి మించకూడదు. ఆ విలువను 1975-76 స్థాయికి వెనక్కి తీసుకెళ్లారు. ఆ తర్వాత ఏటా 2 శాతానికి మించి పెంచకూడదు. ఇల్లు అమ్మినప్పుడే మళ్లీ మార్కెట్ రేటు లెక్కలోకి వస్తుంది.

ఫ్లోరిడాలో ఈ సీలింగ్ 3 శాతం, టెక్సాస్‌లో 10 శాతం. ఏపీ సీలింగ్ పన్ను మీద, వీళ్లది పన్ను వేసే విలువ మీద. ఆ తేడా గుర్తుపెట్టుకుని చూస్తే, 1,000 అనే అంకె ఐదేళ్లలో కాలిఫోర్నియాలో 1,104, ఫ్లోరిడాలో 1,159, టెక్సాస్‌లో 1,611, ఏపీలో 2,011 అవుతుంది. టెక్సాస్‌లో అయితే 65 ఏళ్లు దాటిన ఓనర్‌కు స్కూల్ పన్ను మొత్తం అక్కడితో ఫ్రీజ్ అవుతుంది.

ఫిలడెల్ఫియా నగరం ఇంకాస్త సూటిగా వెళ్లింది. అక్కడ లూప్ అనే స్కీమ్ ఉంది. పదేళ్లు లేదా అంతకంటే ఎక్కువగా అదే ఇంట్లో ఉంటున్నవాళ్ల కోసమే ఇది. ఇంటి విలువ ఒక్క ఏడాదిలో 50 శాతం గానీ, ఐదేళ్లలో 75 శాతం గానీ పెరిగితే దరఖాస్తు చేసుకోవచ్చు. కుటుంబ సభ్యుల సంఖ్యను బట్టి ఆదాయ పరిమితి ఉంటుంది. నగరం మొత్తం ఇళ్ల విలువలను 2014 పన్ను కోసం కొత్తగా లెక్కగట్టినప్పుడు, పేట రూపురేఖలు మారిపోయి పాతవాళ్లు ఇళ్లు వదులుకోవాల్సి వస్తుందన్న భయంతో దీన్ని తెచ్చారు.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది

ఒకరికి ఇచ్చిన ఊరటను ఎవరో ఒకరు మోయాలి. వీధి దీపాలు, చెత్త బండ్లు, డ్రైనేజీ అన్నీ ఈ పన్ను డబ్బుతోనే నడవాలి. కాలిఫోర్నియాలో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లాస్ ఏంజిలెస్‌లో 1988లో రూ.లు కాదు, 1,70,000 డాలర్లకు ఇల్లు కొన్న ఒక మహిళకు ఏడాదికి దాదాపు 1,700 డాలర్ల పన్ను వచ్చింది. అదే పేటలో 1975 నుంచి అలాంటి ఇంట్లోనే ఉంటున్నవాళ్లు కట్టేది 358 డాలర్లు మాత్రమే. ఒకే వీధి, ఒకేలాంటి ఇల్లు, ఐదు రెట్ల తేడా. నార్డ్‌లింగర్ వర్సెస్ హాన్ పేరుతో నడిచిన ఆ కేసులో 1992లో కోర్టు ప్రపొజిషన్ 13ను సమర్థించింది. కొత్తగా కొనేవాళ్లకు ఎంత పన్ను పడుతుందో ముందే తెలుసు, పాత ఓనర్‌కు ఇల్లు వదులుకోవడం తప్ప వేరే దారి లేదు అన్నది ఆ తీర్పు వెనక ఉన్న తర్కం.

ఊరట వారసులకు కూడా పోవాలా అన్నది ఇంకో చర్చ. కాలిఫోర్నియాలో చాలాకాలం తల్లిదండ్రుల తక్కువ పన్ను పిల్లలకు వచ్చేది, వాళ్లు ఆ ఇంటిని అద్దెకు ఇచ్చుకున్నా సరే. 2020 నవంబర్‌లో గెలిచిన ప్రపొజిషన్ 19తో 2021 ఫిబ్రవరి 16 నుంచి రూల్ మారింది. పిల్లలు స్వయంగా ఆ ఇంట్లో ఉంటేనే, అది కూడా పరిమితితో, పాత లెక్క కొనసాగుతుంది. ఫ్రీమాంట్, శాన్ హోసేల్లో ఎప్పుడో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఇది తెలుసుకుని ఉండాలి.

మన దగ్గర ఎలా ఉండొచ్చు?

ఈ అనుభవాలన్నీ చూస్తే ఒకటి అర్థమవుతుంది. అందరికీ గుండుగుత్తగా పన్ను తగ్గిస్తే పెద్ద బంగళాల వాళ్లకే ఎక్కువ లాభం. అవసరం ఉన్నవాళ్లకే చేరాలంటే నాలుగు ప్రశ్నలు అడిగితే సరిపోతుంది. అది ఉన్న ఒకే ఒక్క ఇల్లా? ఓనరే ఉంటున్నారా? పదేళ్లకు పైగా ఉంటున్నారా? ఆదాయం పరిమితి లోపు ఉందా? ఫిలడెల్ఫియా అడిగేది దాదాపు ఇవే. ఢిల్లీ రూల్‌లోనూ రెండోది ఉంది. మన మున్సిపాలిటీల దగ్గర ఇంటి వివరాలు, పన్ను రసీదులు ఎప్పటి నుంచో ఉన్నాయి. కొత్తగా కావాల్సింది ఆదాయ ధ్రువీకరణ ఒక్కటే. పన్ను పూర్తిగా మాఫీ చేయలేకపోతే, పెరిగిన భాగాన్ని ఇల్లు అమ్మే రోజు వరకు వాయిదా వేసే దారి కూడా ఉంది. అలా చేస్తే మున్సిపాలిటీకి డబ్బు పోదు, పెద్దవాళ్లకు ఇల్లూ పోదు.

మీరు ఇప్పుడే చెక్ చేసుకోవాల్సినవి

డిమాండ్ నోటీసులో ప్లింత్ ఏరియా కరెక్ట్‌గా ఉందో లేదో చూడండి. కొలత తప్పుగా పడితే ఏటా ఆ తప్పుకే పన్ను కడుతుంటారు.

ఓనరే ఉంటున్నారా, అద్దెకు ఇచ్చారా అన్న కాలమ్ చూడండి. మీరే ఉంటున్నా అద్దె అని ఉంటే సరిచేయించుకోండి. కింద పోర్షన్‌లో ఒకప్పుడు షాపు ఉండి ఇప్పుడు తీసేస్తే, ఇంకా కమర్షియల్ అని ఉందేమో గమనించండి.

ఏపీలో ఉంటే గత ఏడాది రసీదు పక్కన పెట్టుకుని పెరుగుదల ఎంత శాతమో లెక్క వేయండి. 15 శాతం దాటితే వెంటనే మున్సిపల్ ఆఫీసులో అడగండి.

లెక్క మీద అభ్యంతరం ఉంటే నోటీసులో ఇచ్చిన గడువు లోపే రివిజన్ పిటిషన్ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. నోటి మాటగా చెప్పి వస్తే రికార్డు ఉండదు.

ఇల్లు ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదో, నాన్నగారి పేరు మీదో ఉంటే పేరు మార్పిడి చేయించుకోండి. రాబోయే రోజుల్లో ఏ రాయితీ వచ్చినా రికార్డులో పేరున్న వాళ్లకే ముందు అందుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, పన్ను రసీదు ఒక్కటే ఇంటి మీద హక్కుకు రుజువు కాదు.

చివరగా, పాత రసీదులు పారేయకండి. ఆ ఇంట్లో మీరు ఎన్నేళ్లుగా ఉంటున్నారో చూపించడానికి అవే పనికొస్తాయి.